చెవి మీద నమ్మకం

నా ఉద్యోగంలో ఎక్కువ కాలం ఒక తప్పుడు నమ్మకం మీద నడిచింది. యుద్ధవిమానం ఇంజన్ బాగుందో లేదో నా చెవి చెప్పేస్తుందని, గేజీలూ ల్యాబ్ రిపోర్టులూ ఆ తర్వాతేనని నమ్మాను. నమ్మి ఊరుకోలేదు, నా దగ్గర పనిచేసిన కుర్రాళ్లకు కూడా అదే నూరిపోశాను. ఇంజన్ నడుస్తున్నప్పుడు చెవులకు ఇయర్ డిఫెండర్లు తగిలించుకున్నవాణ్ణి చూస్తే భయస్తుడనుకున్నాను. ఆ మూర్ఖత్వానికి నా వినికిడి పోయింది. అది చిన్న నష్టం. పెద్దది ఇంకోటి ఉంది. దాని గురించి ఇన్నేళ్లూ ఎవరి దగ్గరా నోరు విప్పలేదు.

నేను వాయుసేనలో ఇంజన్ ఫిట్టర్‌గా చేశాను. సికింద్రాబాద్‌లో సెలెక్షన్, బెల్గాం సాంబ్రాలో డ్రిల్లు, తాంబరంలో ట్రేడు చదువు. మా తరం తెలుగు కుర్రాళ్లు చాలామంది నడిచిన దారే. మాది కొత్తవలస దగ్గర పల్లె. నా చేతికి మొదట వచ్చిన విమానం మిగ్-21 బిస్. దాని ఇంజన్ పేరు ఆర్-25. మిగ్ పనిని హెచ్‌ఏఎల్ మూడు చోట్లకు పంచింది: విమానం ఒళ్లు నాసిక్ దగ్గర ఓఝర్‌లో, ఎలక్ట్రానిక్స్ హైదరాబాద్ బాలానగర్‌లో, ఇంజన్ ఒడిశాలో కొరాపుట్ పక్కన సునాబెడలో. మా ఊళ్లో రైలెక్కి కిరండూల్ లైనులో అరకు దాటి వెళితే కొరాపుట్ వస్తుంది. మా కొండల వెనక తయారైన ఇంజన్‌ని ఎక్కడో ఉత్తరాదిన నేను విప్పి బిగిస్తున్నానని నాకు చెప్పలేనంత గర్వంగా ఉండేది. ఆ గర్వంలో తప్పేమీ లేదు. తప్పు దాని మీద నేను కట్టుకున్నదాంట్లో ఉంది.

ఆర్-25 పన్నెండు వందల కిలోల పైచిలుకు బరువుంటుంది. రీహీట్, అంటే జెట్ పైపులో మళ్లీ ఇంధనం మండించడం, లేకుండా 4,100 కిలోల థ్రస్ట్ ఇస్తుంది, రీహీట్ వేస్తే 6,850. ఇవి కాక అత్యవసరానికి రెండో రీహీట్ ఉంటుంది. 4,000 మీటర్ల లోపు ఎత్తులో, 3 నిమిషాలకు మించకుండా, 9,900 కిలోల దాకా లాగొచ్చు. అంత చిన్న విమానానికి అంత బలం. ఆ ఇంజన్ని మార్చాలంటే విమానం వెనక సగాన్ని పూర్తిగా ఊడదీసి పక్కకు జరపాలి. మొదటిసారి ఆ పని చూసినవాడికి విమానం విరిగిపోయిందేమో అనిపిస్తుంది.

ఇంజన్ మార్చినా, ఫ్యూయల్ పంపు మార్చినా, పైలట్ ఏదైనా స్నాగ్, అంటే లోపం, రాసినా, గ్రౌండ్ రన్ చేసి చూడకుండా విమానం రికార్డు పుస్తకం ఫార్మ్ 700లో సంతకం పడదు. ఎయిర్‌ఫీల్డ్‌లో ఒక మూలకి విమానాన్ని లాక్కెళతాం. వెనక బ్లాస్ట్ ఫెన్స్ ఉంటుంది. చక్రాలకు చాక్‌లు పెట్టి, రీహీట్ దాకా వెళ్లాల్సి ఉంటే నేలలో పాతిన కొక్కేనికి విమానాన్ని కేబుల్‌తో కట్టేస్తాం. ముందు నేలంతా ఊడుస్తాం, ఎందుకంటే జెట్ ఇంజన్ గాలితో పాటు రాయినీ, స్ప్లిట్ పిన్నునీ, టోపీనీ కూడా లాగేసుకుంటుంది. మిగ్-29 నేలమీద ఇంజన్ నడుపుతున్నంతసేపూ ఇన్‌టేక్ తలుపులు మూసుకుని, రెక్కల మొదట్లో పైన ఉన్న చీలికల గుండా గాలి పీలుస్తుంది. సుఖోయ్-30లో ఇన్‌టేక్ లోపల మెష్ లేచి అడ్డు నిలబడుతుంది. మిగ్-21కి అలాంటి ఏర్పాటు లేదు. ముక్కు దగ్గర నోరు తెరుచుకునే ఉంటుంది, చీపురే దానికి రక్ష.

ఆథరైజేషన్ ఉన్నవాడు కాక్‌పిట్‌లో కూర్చుంటాడు. హెడ్‌సెట్ పెట్టుకున్నవాడు పక్కన నిలబడి అతనితో మాట్లాడుతుంటాడు. ఇంకొకడు మంటలార్పే సీఓ2 ట్రాలీ దగ్గర. నేను విమానం పొట్ట కింద. స్టార్టర్ రోటార్‌ని తిప్పుతుంది, ఇంధనం అంటుకుంటుంది, జేపీటీ సూది, అంటే జెట్ పైపు వేడి చూపే సూది, ఒక్కసారి ఎగురుతుంది. అది హద్దు దాటేలా ఉంటే వెంటనే థ్రాటిల్ కట్ చేయాలి. దాన్ని హాట్ స్టార్ట్ అంటాం. ఆర్‌పీఎం సగంలో ఆగిపోయి పైకి రాకపోతే హంగ్ స్టార్ట్. రెండూ లేకుండా ఐడిల్‌కి వస్తే పొట్ట కింది చిన్న తలుపులు తెరిచి, టార్చి వేసి, ప్రతి పైపు మీదా తడి ఉందేమో చూస్తాను. ఆ తర్వాత ఆర్‌పీఎం మెట్టుమెట్టుగా పెంచుతారు. రోటార్‌లోని రెండు స్పూళ్ల వేగం, జేపీటీ, ఆయిల్ ప్రెషర్, అన్నీ కాగితం మీదకి ఎక్కుతాయి. బయటి ఎండ, గాలి ఒత్తిడి కూడా రాసుకోవాల్సిందే. 45 డిగ్రీల ఎండలో గాలి 15 డిగ్రీలప్పటి కన్నా దాదాపు పదోవంతు పలచబడుతుంది, ఇంజన్ బలమూ ఆ మేరకు తగ్గుతుంది. అందుకే చార్టు చూసి అంకెలన్నిటినీ 15 డిగ్రీల వేడికీ, 1013.25 హెక్టోపాస్కల్స్ ఒత్తిడికీ మార్చి, అప్పుడు బాగోగులు తేలుస్తారు. చివరికి రీహీట్. గుండెల్లో గుద్దినట్టు ఒక చప్పుడు, నాజిల్ రేకులు విచ్చుకుంటాయి, కాళ్ల కింద కాంక్రీటు వణుకుతుంది.

ఈ పని అంతటిలోనూ నాకు ప్రాణమైంది చివరి ఘట్టం. థ్రాటిల్ కట్ చేశాక రోటార్ తనంతట తాను తిరిగి తిరిగి ఆగుతుంది. రన్-డౌన్ అంటాం. కట్ చేసిన క్షణం నుంచి ఆగేదాకా ఎంతసేపు పట్టిందో స్టాప్‌వాచ్‌తో చూడాలి. ఉండాల్సిన కన్నా ముందే ఆగిపోతే లోపల ఏదో రాసుకుంటోందన్నమాట. అదే సమయంలో దగ్గరకు వెళ్లి చెవి పెట్టి వినాలి. మంచి ఇంజన్ చివర్లో దాదాపు నిశ్శబ్దంగా తిరుగుతుంది, ఇక ఆగిపోయే ముందు బ్లేడ్లు తమ గాడుల్లో వదులుగా కదిలి చిటచిటమంటాయి. బేరింగు చెడితేనో, బ్లేడు కొస కేసింగ్‌కి తగిలితేనో ఆ నిశ్శబ్దంలో సన్నటి గీత వినిపిస్తుంది.

నాకు ఈ విద్య నేర్పింది ఒక ముసలి వారంట్ ఆఫీసర్. ఆయన రన్ జరుగుతున్నంతసేపూ డిఫెండర్లు తీసేవాడు కాదు. చెవిలో దూది లాంటి ప్లగ్గు, దాని మీద డిఫెండర్. థ్రాటిల్ కట్ అయి, పెద్ద హోరు పడిపోయాక అప్పుడు రెండూ తీసేసి, ఎడమ చేతిలో వాచీ పట్టుకుని తోక దగ్గరకు వెళ్లేవాడు. ఆయన చేసింది నేను రోజూ చూశాను. కానీ అందులోంచి నాకు నచ్చిన ముక్క ఒక్కటే ఏరుకున్నాను: వినడం. వాచీని వదిలేశాను, డిఫెండర్లను వదిలేశాను. చివరి రెండు నిమిషాల కోసం ఆయన రోజంతా చెవుల్ని కాపాడుకుంటున్నాడని నా బుర్రకి తట్టలేదు. ఆయనకు వయసు మీద పడింది, శబ్దం తట్టుకోలేకపోతున్నాడు అనుకున్నాను. నేను కుర్రవాణ్ణి, నాకు ఆ మూతలు అక్కర్లేదు, రన్ మొదటి నుంచీ ఇంజన్ మాట వింటాను అనుకున్నాను. ఆయన నన్ను పిలిచి రెండుమూడు సార్లు చెప్పాడు. పెడచెవిన పెట్టాను.

మొదట్లో నా చెవి నిజంగానే మంచిది. కంప్రెసర్‌లో గాలి తడబడితే వచ్చే టపటపల్ని గేజీ చూసేవాడి కన్నా ముందే పసిగట్టాను. ఒక ఫ్యూయల్ పంపు కూతలో తేడా చెప్పి, విప్పించి, నిజమనిపించుకున్నాను. పేరొచ్చింది. ఎక్కడైనా అనుమానం వస్తే నన్ను పిలిపించేవారు. అది తలకెక్కింది. ఒకసారి ఇంజన్ టెస్ట్ బెడ్ చూడ్డానికి తీసుకెళ్లారు. మందపాటి కాంక్రీటు గది, ఇంజన్‌ని ఒక తొట్టెలా వేలాడే చట్రానికి బిగిస్తారు, అది ముందుకు ఎంత తోస్తోందో లోడ్ సెల్ కొలుస్తుంది, వెనక పెద్ద గొట్టం మంటనీ హోరునీ మింగేస్తుంది. కంట్రోల్ రూంలో మనుషులు దళసరి అద్దం వెనక కూర్చుని తెర మీద గీతలు చూస్తున్నారు. వాళ్లకు ఇంజన్ చప్పుడు గోడలోంచి వచ్చే గుర్రుగా తప్ప వినిపించదు. కేసింగ్ మీద అంటించిన చిన్న సెన్సర్లు అదురుని పట్టి పంపుతాయి. రెండు స్పూళ్లూ వేర్వేరు వేగాల్లో తిరుగుతాయి కాబట్టి ఏ స్పూలు తూకం తప్పిందో అదురు లెక్కలోనే విడివిడిగా తెలిసిపోతుంది. అదంతా చూసి నేను వాళ్ల మీద జాలిపడ్డాను. ఇంజన్ పక్కన నిలబడని వాళ్లకి ఇంజన్ ఏం తెలుస్తుంది అని పక్కవాడితో అన్నాను కూడా. నా చెవి విడదీయలేని సంగతిని ఆ సెన్సర్ విడదీస్తోందని నా కళ్ల ముందే కనిపిస్తున్నా చూడలేదు.

ఇప్పుడు లెక్క చెబుతాను, ఎందుకంటే ఈ లెక్క అప్పుడే నాకు తెలిసి ఉండాల్సింది. ఆ రోటార్ పూర్తి వేగంలో నిమిషానికి పదకొండు వేల చుట్లు పైగా తిరుగుతుంది. అంటే సెకనుకి 180 దాటి. ఒక వరసలో 30 బ్లేడ్లున్నాయనుకుంటే ఆ వరస నుంచి సెకనుకి దాదాపు 5,500 కంపనాల కూత పుడుతుంది. నేను ఇంజన్ గొంతు అని మురిసిపోయిన కూత అదే. మనిషి చెవి పెద్ద శబ్దానికి ముందుగా దెబ్బతినేది 3,000 నుంచి 6,000 కంపనాల మధ్య, అందులోనూ 4,000 దగ్గర. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారపు గొట్టం ఉంటుంది. దాంట్లో పుట్టుకతో వచ్చే రోమకణాలు పదిహేను వేల పైచిలుకు. సన్నటి స్వరాలు వినే కణాలు ఆ గొట్టం మొదట్లో ఉంటాయి, గడపలో గడ్డిలా రాకపోకలన్నీ వాటి మీదుగానే. అందుకే అవే ముందు పోతాయి. పోయినవి మళ్లీ పుట్టవు.

ఇక మోతాదు సంగతి. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకి 8 గంటలు ఉండొచ్చంటారు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ శబ్దశక్తి రెట్టింపవుతుంది, ఉండదగిన సమయం సగమవుతుంది. 100 దగ్గర 15 నిమిషాలు. 115 దగ్గర అర నిమిషం కూడా రాదు. 130 దగ్గర ఒక్క సెకను మిగలదు. రీహీట్‌లో ఉన్న యుద్ధవిమానం పక్కన 140 దాకా పోతుంది. అక్కడ ప్లగ్గూ డిఫెండరూ రెండూ పెట్టుకున్నా పుర్రె ఎముక గుండా కొంత లోపలికి పోతూనే ఉంటుంది. నేను వాటిలో ఒక్కటీ లేకుండా పొట్ట కింద కూర్చున్నాను. రన్ అయ్యాక చెవులు మూసుకుపోయి, హోరుమని, రాత్రికి తగ్గేవి. తగ్గాయి కదా, నాకేం కాలేదు అనుకునేవాణ్ణి. అలా తగ్గినట్టనిపించడమే ఈ జబ్బు మాయ. అదే నన్ను ఎక్కువగా మోసగించింది.

ఏటా మెడికల్‌లో వినికిడి పరీక్ష ఉంటుంది. అద్దం ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ తగిలించి, చేతికి ఒక బటన్ ఇస్తారు. బీప్ వినిపించినప్పుడల్లా నొక్కాలి. ఒక ఏడు మధ్యలో చాలాసేపు ఏమీ వినిపించలేదు. అద్దంలోంచి చూస్తే అవతల టెక్నీషియన్ వేలు కదులుతోంది. నాకు వెంటనే అర్థమైంది, ఏదో మోగుతోంది, నాకు అందడం లేదు. అప్పుడు ఆగి ఆ సంగతి చెప్పి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. నేను అతని వేలు చూసి బటన్ నొక్కాను. ఆ తర్వాత ఏళ్లలోనూ అదే చేశాను. చెవి పోయిందని తేలితే రన్-అప్ పాయింట్ నుంచి తీసేసి స్టోర్స్‌లో కూర్చోబెడతారేమో, నా పేరు పోతుందేమో అని భయం. డిఫెండర్లు పెట్టుకున్నవాళ్లని భయస్తులన్న మనిషిని నేను.

అప్పటికి నేను జూనియర్ వారంట్ ఆఫీసర్‌ని. స్టేషన్ పేరు ఇక్కడ అవసరం లేదు, తప్పు స్టేషన్‌ది కాదు. ఒక సాయంత్రం ఒక ఇంజన్ ఆయిల్ రిపోర్టు వచ్చింది. ఇంజన్ ఆపిన కొద్దిసేపట్లోనే, ఆయిల్ ఇంకా వేడిగా ఉండగా ఒక చిన్న సీసాలో పట్టి ల్యాబ్‌కి పంపుతాం. అక్కడ ఆ నూనెని విద్యుత్ మెరుపులో కాల్చి, వచ్చే వెలుగుని విడదీసి, ఇనుమెంత, క్రోమియమెంత, రాగెంత అని పది లక్షల్లో ఇన్ని వంతులని లెక్క ఇస్తారు. 1940లలో అమెరికాలో రైలింజన్ల కోసం మొదలుపెట్టిన పద్ధతి ఇది, 1950లలో వాళ్ల నేవీ విమానాలకు తెచ్చుకుంది. అరిగే ప్రతి భాగం తన లోహాన్ని నూనెలో వదులుతుంది, ఆ లోహాన్ని బట్టి ఏ భాగమో ఊహించవచ్చు. ఒక్క లోటేమిటంటే మరీ పెద్ద రజను దీనికి చిక్కదు. అందుకే ఫిల్టర్ విప్పి కళ్లతో చూడాలి, కొన్ని ఇంజన్లలో అయస్కాంతపు ప్లగ్గు కూడా ఉంటుంది.

ఆ రిపోర్టులో ఇనుము ముందటి రెండు శాంపిల్స్ కన్నా పెరిగింది, హద్దు ఇంకా దాటలేదు. ఫిల్టర్ చూడమని, త్వరలో మళ్లీ శాంపిల్ పంపమని ల్యాబ్ రాసింది. మర్నాడు పొద్దున్నే ఆ విమానం ఎగరాలి. రన్ చేద్దాం, విని చెబుతాను అన్నాను. రన్ అంతా సవ్యంగా సాగింది. థ్రాటిల్ కట్ అయ్యాక తోక దగ్గరకు వెళ్లి నిలబడ్డాను. నాకు వినిపించింది నిశ్శబ్దం. మచ్చలేని నిశ్శబ్దం. బాగుంది అన్నాను.

చిత్తూరు వైపు కుర్రాడు ఒకడు మాతో ఉన్నాడు, కార్పోరల్. రన్‌లలో డిఫెండర్లు తీసేవాడు కాదు, దానికి నా చేత చాలాసార్లు మాటలు పడ్డాడు. వాచీ అతని చేతిలో ఉంది.

“సార్, చివర్లో గీరుతున్నట్టు వచ్చింది. టైము కూడా తక్కువగా ఉంది” అన్నాడు.

“నాకు వినపడనిది నీకెలా వినపడిందిరా?”

“వచ్చింది సార్. సన్నగా. ఫిల్టర్ విప్పి చూద్దాం, ఎంతోసేపు పట్టదు.”

“నేను ఇంజన్లు వినడం మొదలుపెట్టేనాటికి నువ్వు పలక కూడా పట్టలేదు. వాచీ నొక్కడం నేర్చుకో ముందు.”

అందరి ముందూ అన్నాను. ట్రాలీ దగ్గరున్నవాళ్లు నవ్వారు. అతను తలవంచుకుని వాచీలో అంకె చూసి కాగితం మీద రాశాడు. పొద్దున్నే సంతకం పెడతానని చెప్పి నేను మెస్‌కి వెళ్లిపోయాను.

అతను నాతో వాదించలేదు, అలాగని వదల్లేదు. రాత్రి షిఫ్ట్ సూపర్‌వైజర్ దగ్గరకు వెళ్లి, ఫార్మ్ 700లో స్నాగ్ రాశాడు. రన్-డౌన్ సమయం తక్కువ, అసహజమైన చప్పుడు, ఆయిల్ ఫిల్టర్ చూడవలసి ఉంది. అలా రాశాక దాన్ని తేల్చకుండా విమానం కదలదు. ఇద్దరూ కలిసి ఫిల్టర్ విప్పారు. పొద్దున నేను హ్యాంగర్‌కి వచ్చేసరికి బెంచీ మీద తెల్లగుడ్డ పరిచి ఉంది. దాని మీద ఫిల్టర్ కడిగిన మడ్డి. కుర్రాడు మాట్లాడకుండా టార్చి అడ్డంగా పట్టుకున్నాడు. గుడ్డ మీద మెరుపు. సన్నటి పొడి కాదు, పొలుసులు. గోటి కొసన ఒకదాన్ని ఎత్తి చూశాను. ఒక వైపు నునుపు, ఇంకో వైపు విరిగిన గరుకు. అయస్కాంతం దగ్గర పెడితే లేచి అంటుకుంది. బేరింగు ఉక్కు. ఆ క్షణంలో నాకు ఇంజన్ గురించి కాక ముందు రాత్రి నేను విన్న నిశ్శబ్దం గురించి భయం వేసింది.

వెనక సగం ఊడదీసి ఇంజన్ దించారు. ఓవర్‌హాల్‌కి వెళ్లింది. మెయిన్ బేరింగు లోపలి రింగు మీద ఉక్కు పొరలు పొరలుగా లేచిపోయిందని తర్వాత తెలిసింది. మిగ్-21కి ఒకటే ఇంజన్. అది గాల్లో బిగుసుకుపోతే పైలట్‌కి మిగిలేది ఎజెక్షన్ సీటు. అంతకన్నా కింద, టేకాఫ్‌లో అయితే అదీ ఎంతవరకో.

ఇంతవరకు చెప్పింది మూర్ఖత్వం. ఇక చెప్పబోయేది నీచం.

ఆ మధ్యాహ్నం ఇంజనీరింగ్ ఆఫీసర్ హ్యాంగర్‌కి వచ్చారు. రాత్రి రన్ నేనే పెట్టించానని, ఫిల్టర్ విప్పారని మాత్రమే ఆయనకు తెలుసు. మీ చెవి ఇంకో విమానాన్ని కాపాడింది అని నా భుజం తట్టారు. నేను ‘కాదు సార్’ అనాలి. రెండు మాటలు. కార్పోరల్ నాలుగడుగుల దూరంలో స్పానర్లు తుడిచి బోర్డు మీద తగిలిస్తున్నాడు, ఆయన మాట విన్నాడు. నా వైపు చూడలేదు. నేను ‘థాంక్యూ సార్’ అన్నాను. కొన్నాళ్లకి నా పేరు మీద ప్రశంసాపత్రం వచ్చింది. తీసుకున్నాను. అతనికి ఏ పత్రమూ రాలేదు. తర్వాత పోస్టింగ్ మీద వెళ్లిపోయాడు. వెళ్లే రోజు అందరికీ చెప్పినట్టే నాకూ నమస్కారం పెట్టి వెళ్లాడు.

ఈసారి నేను మెడికల్‌కి వెళ్లి, కళ్లు మూసుకుని, నిజంగా వినిపించినప్పుడే బటన్ నొక్కాను. గ్రాఫులో గీత తిన్నగా నడిచి 4,000 దగ్గర గోతిలోకి పడిపోయింది, రెండు చెవులకీ. ఎడమది మరీ లోతు. పొట్ట కింద నా ఎడమ చెవి ఇంజన్ వైపు ఉండేది. ఇన్నాళ్లూ రిపోర్టులు ఎలా బాగున్నాయని డాక్టర్ అడిగారు. తెలీదన్నాను. ఆ రోజు కూడా అబద్ధమే చెప్పాను.

ఆ తర్వాత మారాను. డిఫెండర్లు లేనివాణ్ణి రన్‌కి రానివ్వలేదు. వాచీ అంకె లేకుండా ఎవరి మాటా, నా మాటతో సహా, ఒప్పుకోలేదు. పనిముట్ల లెక్క రెండుసార్లు చూడకుండా ఇంజన్ స్టార్ట్ చేయనివ్వలేదు. ఇవన్నీ ఎంత మామూలు నియమాలో, ఒక్కటి తప్పితే ఎంతవుతుందో ఈ మధ్య మళ్లీ చదివాను. 2023 మార్చిలో అమెరికాలోని అరిజోనాలో, ఒక వాయుసేన స్థావరంలో ఎఫ్-35కి గ్రౌండ్ రన్ చేస్తుంటే, ఇన్‌టేక్‌లో మర్చిపోయిన చేతి టార్చిని ఇంజన్ మింగేసింది. నష్టం దాదాపు 40 లక్షల డాలర్లు. పనిముట్ల లెక్క సరిగా చూసుకోకపోవడమే కారణం. అంత అధునాతనమైన విమానానికి కూడా చివరికి ఎవడో ఒకడు పెట్టె తెరిచి లెక్కపెట్టుకోవాల్సిందే. ఆ వార్త చదివి ఆ మెయింటెయినర్‌ని తిట్టబుద్ధి కాలేదు. అతని పక్కన చిత్తూరు కుర్రాడి లాంటివాడు లేకపోయాడే అనిపించింది.

ఇప్పుడు రెండు చెవులకీ మిషన్లు పెట్టుకుంటున్నాను. అచ్చులు వినిపిస్తాయి, హల్లులు జారిపోతాయి. ముఖ్యంగా స, ష, త లాంటివి. ఫోన్‌లో మనవరాలు ఏం చెప్పిందో సగం ఊహించుకుని జవాబిస్తాను. చెవిలో ఒక సన్నటి కూత రాత్రీ పగలూ ఆగదు, పోగొట్టుకున్న స్వరాల చోటే అది మోగుతుందట. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు టీవీలో చూశాను. 1963లో అది తొలిసారి చేరిన చోటే ఆ వీడ్కోలు. గర్జన వినిపించింది. పైన ఉండే కూత వినిపించలేదు. మా ఆవిడ “ఏవండీ, సౌండ్ పెంచమంటారా?” అని అడిగింది. వద్దన్నాను.

ఆ ప్రశంసాపత్రం ఇంకా నా ఫైల్లో ఉంది. మాజీ సైనికుల కలయికల్లో ఆ ఇంజన్ కథ చెప్పమని అడిగితే చాలాసార్లు చెప్పాను, ప్రతిసారీ తోక దగ్గర నిలబడి గీత విన్నవాణ్ణి నేనే. ఆ కథ విన్నవాళ్లు ఇది చదివితే దాన్ని ఇలా సరిచేసుకోవాలి. ఆ చప్పుడు విన్నది ఒక కార్పోరల్. సమయం తగ్గిందని వాచీ చూసి చెప్పింది అతను. నేను నవ్వులపాలు చేసిన తర్వాత కూడా, పై అధికారి మాట కాదని, రాత్రి ఫార్మ్ 700లో స్నాగ్ రాసింది అతను. ఆ రాత లేకపోతే పొద్దున నేను ‘సర్వీసబుల్’ అని సంతకం పెట్టేవాణ్ణి.